గీతా రాతా ఒకే చేతివి: రేమండ్ పెటిబాన్ బొమ్మల పుస్తకం

చేత్తో అక్షరం రాసి బతికిన ప్రతి మనిషీ ఒక్కసారైనా తిరగేయవలసిన పుస్తకం ఇది. పేరు ‘ఎ పెన్ ఆఫ్ ఆల్ వర్క్’. అమెరికా చిత్రకారుడు రేమండ్ పెటిబాన్ పసితనంలో గీసిన గీతల మొదలు అరవయ్యో ఏటి అంచు దాకా వేసిన బొమ్మల్లోంచి ఏరి కూర్చిన పెద్ద సంపుటం. 2017లో న్యూయార్క్‌లోని న్యూ మ్యూజియంలో మూడు అంతస్తుల నిండా ఆయన బొమ్మలు ఏడు వందలకు పైగా ప్రదర్శించారు. ఆ సందర్భంగా ఫైడన్ వాళ్లు దీన్ని అచ్చువేశారు. ఖరీదు వేలల్లో ఉంటుంది. ఒడిలో పెట్టుకుని చదివే బరువు కాదు, బల్ల మీద పరచుకోవాలి. అయినా డబ్బు పెట్టదగ్గ పుస్తకమే అని ముందే చెప్పేస్తున్నాను. లోటుపాట్లు ఉన్నాయి, వాటి సంగతి తర్వాత.

నేనెవరో చెబితే నా మాటను ఎంతవరకు తీసుకోవాలో మీకే తెలుస్తుంది. నేను తిరుపతిలో బోర్డులు రాసేవాణ్ని. గాంధీ రోడ్డులో బట్టల కొట్లకు, తిలక్ రోడ్డులో మందుల షాపులకు రాశాను. ఎన్నికలు వస్తే అన్ని పార్టీలకూ గోడలు రాశాను. ఫ్లెక్సీ వచ్చాక బోర్డుల పని పోయింది. ఇప్పుడు బడి గోడలు, ఆటోల వెనక పేర్లు, గుళ్లలో దాతల జాబితాలు రాస్తున్నాను. బొమ్మల పుస్తకం కనిపిస్తే ఆగలేను. దీన్ని మాత్రం నేను కొనలేదు. నా దగ్గర పని నేర్చుకుని బెంగళూరులో డిజైనరుగా స్థిరపడిన కుర్రాడు తెప్పించి ఇచ్చాడు. “ఇందులో బొమ్మల మీద రాత ఒక్కటీ కంప్యూటర్‌తో కొట్టింది కాదన్నా, చూడు” అన్నాడు. వాడికి నా బలహీనత తెలుసు.

పెటిబాన్ అసలు పేరు రేమండ్ గిన్. 1957లో అరిజోనాలోని టూసాన్‌లో పుట్టాడు. పెరిగింది కాలిఫోర్నియాలో, హెర్మోసా బీచ్ అనే సముద్రం ఒడ్డు ఊళ్లో. తండ్రి ఇంగ్లీషు మాస్టారు, గూఢచారి నవలలు రాసేవాడు. కొడుకును ముద్దుగా పిలిచిన పేరే తర్వాత ‘పెటిబాన్’ అయింది. లాస్ ఏంజిలిస్‌లో ఆర్థికశాస్త్రం చదివాడు, కొన్నాళ్లు బడిలో లెక్కలు చెప్పాడు. ఇంతలో అన్న గ్రెగ్ గిన్ 1976లో ఒక పంక్ సంగీత బృందం పెట్టాడు. దానికి ‘బ్లాక్ ఫ్లాగ్’ అన్న పేరు సూచించినవాడు తమ్ముడు. గుర్తు గీసినవాడూ తమ్ముడే.

పంక్ అంటే తెలియని వాళ్ల కోసం రెండు మాటలు. 1970ల మధ్యలో న్యూయార్క్‌లో, లండన్‌లో ఊపందుకున్న ఈ సంగీతంలో పాటలు చిన్నవి, వేగం ఎక్కువ, కోపం ఇంకా ఎక్కువ. ఎవరి అనుమతి కోసమూ ఆగకపోవడం దాని పద్ధతి. కంపెనీ రికార్డు వేయకపోతే నువ్వే వేసుకో, పత్రిక నీ మాట అచ్చువేయకపోతే జెరాక్సు తీసి పంచు. గ్రెగ్ గిన్ ఎస్ఎస్‌టీ పేరుతో సొంత రికార్డుల సంస్థ నడిపాడు. కచేరీల కరపత్రాలకూ రికార్డుల అట్టలకూ తమ్ముడి బొమ్మలే వాడాడు. బృందం మొదటి రికార్డు ‘నర్వస్ బ్రేక్‌డౌన్’ 1979లో వచ్చింది. దాని అట్ట మీద గోడకు ఆనుకుని పిడికిళ్లు బిగించిన మనిషి ఒకడు, కుర్చీ అడ్డం పెట్టి వాణ్ని నిలవరిస్తున్న మనిషి మరొకడు. అంతే బొమ్మ. వాళ్ల మధ్య ఏం జరిగిందో, ఎవరిది తప్పో బొమ్మ చెప్పదు. మనం మాత్రం కన్ను తిప్పుకోలేం.

ఆ బృందం గుర్తు నాలుగు నల్లని నిలువు పట్టీలు. ఒకటి కాస్త పైకి, ఇంకొకటి కిందికి ఉంటాయి, చూస్తే జెండా గాలికి ఎగురుతున్నట్టు అనిపిస్తుంది. ఆ గుర్తుకు నేను చేతులెత్తి దండం పెడతాను. ఎన్నికల గుర్తులు రాసినవాడిగా చెబుతున్నాను. సైకిలు గుర్తుకు మేకు కొట్టి దారం కట్టి చక్రం తిప్పాలి. ఫ్యాను గుర్తుకు రెక్కలు మూడూ సమంగా రావాలి. దీనికి కొలబద్ద అక్కర్లేదు, స్టెన్సిల్ అక్కర్లేదు. బొమ్మ గీయడం రాని కుర్రాడు కూడా చీకట్లో నాలుగు పట్టీలు లాగి వెళ్లిపోవచ్చు. ప్రపంచంలో ఎన్నో ఊళ్ల గోడల మీదికి, ఎందరో కుర్రాళ్ల టీషర్టుల మీదికి అది ఎక్కడానికి కారణం ఆ సులువే.

పెటిబాన్ పేరు ఎత్తగానే అందరికీ గుర్తొచ్చే మరో బొమ్మ 1990లో సోనిక్ యూత్ అనే రాక్ బృందం ‘గూ’ రికార్డు అట్ట మీదిది. నల్లకళ్లద్దాల జంట కారులో కూర్చుని ఉంటారు, పక్కన మూడు వాక్యాల రాత. అక్కను మోసగించి ఆమె ప్రియుణ్ని తనవాణ్ని చేసుకున్న అమ్మాయి గొంతుతో మొదలై, హత్యలూ పరారీ దాకా పోతుంది. ఆ జంట రూపాలకు ఆధారం 1966లో ఇంగ్లండులో ఒక ఘోర హత్యల కేసులో సాక్ష్యం చెప్పడానికి వెళుతున్న ఇద్దరి పత్రికా ఛాయాచిత్రం. అసలు ఫొటోలో ఉన్నది సాక్షులు. బొమ్మలోకి, రాత పక్కకు వచ్చేసరికి వాళ్లే నేరస్థుల్లా కనిపిస్తారు. పెటిబాన్ పనితనమంతా ఈ ఒక్క అట్టలో ఉంది: ఎక్కడిదో ఒక ఫొటో, ఎక్కడివో కొన్ని వాక్యాలు, రెండూ పక్కపక్కన చేరేసరికి మూడోదేదో పుడుతుంది.

అయితే ‘పంక్ చిత్రకారుడు’ అన్న బిరుదు ఆయనకు చాలా ఇరుకు. ఆయన కూడా దాన్ని ఇష్టంగా మోయలేదు. ఈ సంపుటం చూస్తే కారణం తెలుస్తుంది. కరపత్రాలు, జెరాక్సు తీసి కుట్టిన చిన్న పుస్తకాలు ఇందులో ఉన్నాయి, ఉండాలి కూడా. 1978లో సొంతంగా అచ్చువేసుకున్న ‘క్యాప్టివ్ చెయిన్స్’తో మొదలైన ఆ చిన్న పుస్తకాలే ఆయన బడి. కానీ ఆ గుమ్మం దాటి లోపలికి వెళితే ఇల్లు చాలా పెద్దది. సముద్రం, రైళ్లు, బేస్‌బాల్ ఆటగాళ్లు, బైబిలు, అణుబాంబు పొగ, పాత హాలీవుడ్ తారలు, దేశాధ్యక్షులు, కార్టూన్ బొమ్మలు. ఈ పట్టిక చదివితే కలగూరగంపలా ఉంటుంది. పేజీలు తిప్పుతుంటే మాత్రం ఒకే చెయ్యి తెలిసిపోతుంది.

ఆ చెయ్యి గురించే నేను ఎక్కువ చెప్పాలి.

తొలిరోజుల బొమ్మలన్నీ దాదాపు నలుపు తెలుపులే. ఇండియన్ ఇంకు, పెన్ను, కుంచె. నీడ ఉన్నచోట ముద్దగా నలుపు పోస్తాడు, వెలుగు ఉన్నచోట కాగితాన్ని అలాగే వదిలేస్తాడు. మధ్యలో బూడిద రంగు లేదు. పాత నేర పరిశోధన సినిమాల్లో కిటికీ చువ్వల నీడ మొహం మీద పడినట్టు ఉంటుంది. జెరాక్సు మిషనుకు సరిపోయే పద్ధతి అది. పలుచని రంగు ఆ రోజుల మిషన్లలో చెదిరిపోయేది, నలుపు మాత్రం నలుపుగానే వచ్చేది. ఆ అవసరంలోంచి వచ్చిన తీరును ఆయన తర్వాత వదులుకోలేదు, పెంచాడు. 1990లు వచ్చేసరికి గీత వదులవుతుంది, కుంచె నడక పెద్దదవుతుంది, రంగులు చేరతాయి. రాత కూడా పెరుగుతుంది. మొదట్లో బొమ్మ కింద ఒక్క వాక్యం ఉండేది. తర్వాత బొమ్మల్లో నాలుగు మూలలా నాలుగు రకాల రాత ఉంటుంది. ఒకటి పెద్దక్షరాల్లో అరుస్తుంది, ఒకటి సన్నగా వాలి నడుస్తుంది, ఇంకొకటి బొమ్మలో మనిషి భుజం పక్కన ఇరుక్కుని ఉంటుంది.

బోర్డు రాసేవాళ్లకు మొదట నేర్పేది దారం కొట్టడం. సుద్ద పూసిన దారాన్ని గోడకు బిగించి లాగి వదిలితే గీత పడుతుంది. దాని మీద తలకట్టులు కూర్చోవాలి, కింద గీత దాటి వత్తులు దిగాలి. తర్వాత అక్షరాలు లెక్కపెట్టి చోటు పంచుకోవాలి. ‘శ్రీ’తో ధాటిగా మొదలుపెట్టి ‘స్టోర్స్’ దగ్గరికి వచ్చేసరికి చోటు చాలకపోతే ఆ గోడ పోయినట్టే. పెటిబాన్ అక్షరాలకు దారం లేదు. వాక్యం కాగితం అంచుకు వచ్చేసరికి అక్షరాలు ఒదిగి కూర్చుంటాయి, కొన్నిసార్లు ఒకటి కిందికి దిగుతుంది. చూడగానే పని రానివాడి రాత అనుకునే ప్రమాదం ఉంది. నిదానంగా చూస్తే ఒక్క అక్షరంలో కూడా తడబాటు లేదు. కుంచె పెట్టినచోట ఇంకు నిండుగా ఉంటుంది, అక్షరం కాలు చివర సన్నబడుతుంది, తర్వాతి అక్షరానికి మళ్లీ నిండుతుంది. మనిషి ముక్కు గీసిన కుంచె, ముక్కు పక్కన మాట రాసిన కుంచె ఒక్కటేనని ఆ ఇంకు నడకే చెబుతుంది. బొమ్మ ముందా రాత ముందా అన్నది కనిపెట్టడం చాలా పేజీల్లో నా వల్ల కాలేదు. ఆయన స్టూడియోలో సగం వేసిన కాగితాలు ఎన్నో ఒకేసారి ఉంటాయనీ, బొమ్మ వేసిన చాలాకాలానికి మాటలు చేరుతుంటాయనీ తెలిశాక అందులో వింత లేదనిపించింది.

మన దగ్గర ఇలాంటి ఏకత్వం నేను చూసింది బాపు గారిలో. ఆయన గీతను చెరిపేసి కింద మాట ఒక్కటే ఉంచినా అది బాపు అని పోల్చుకుంటాం, మాట తీసేసి గీత ఒక్కటే ఉంచినా పోల్చుకుంటాం. అయితే బాపు కార్టూన్లో మాటా బొమ్మా చేతులు పట్టుకుని నడుస్తాయి. భార్యాభర్తల బొమ్మ కింద వాళ్ల సంభాషణే ఉంటుంది, నవ్వు అక్కడికక్కడే అందుతుంది. మా పక్కనే ఉన్న శ్రీకాళహస్తి కలంకారీలోనూ అంతే. వెదురు కలంతో, బెల్లం నీళ్లలో ఇనుప ముక్కలు నానబెట్టి చేసిన నల్లరంగుతో రామాయణం గీసిన గుడ్డను చూడండి. గడి గడికీ ఒక పట్టీ, పట్టీలో తెలుగు అక్షరాలు. ఇక్కడ జరుగుతున్నది ఇది, ఈయన విశ్వామిత్రుడు, ఈమె తాటకి అని ఆ రాత వేలు పట్టి చూపిస్తుంది. గుళ్లో ఆ గుడ్డ వేలాడదీసి కథ చెప్పేవాడికీ, వినేవాడికీ అది అవసరం. మాట అక్కడ బొమ్మకు సేవకుడు.

పెటిబాన్ దగ్గర మాటకు ఆ ఉద్యోగం లేదు. రైలు బొమ్మ పక్కన రైలు గురించి ఉండదు. ఆటగాడు బంతి విసురుతుంటే పక్కన ఆత్మ గురించీ, రచన గురించీ, ప్రేమ గురించీ ఉంటుంది. మొదటి ముప్పై నలభై పేజీల్లో దీనికి అలవాటు పడలేక పాఠకుడికి చిరాకు రావచ్చు. రానివ్వండి, కానీ మూసేయకండి. ఒక దశ తర్వాత, బొమ్మకూ రాతకూ మధ్య ఖాళీ వదిలింది మన కోసమే అని అర్థమవుతుంది. ఆ ఖాళీలోకి మన బతుకులోంచి ఏదో ఒకటి వచ్చి కూర్చుంటుంది. బొమ్మలకు పేర్లు కూడా పెట్టడు. దాదాపు ప్రతిదీ ‘నో టైటిల్’ అనే ఉంటుంది, పక్కన గుర్తు కోసం బొమ్మలోని మాటలే రెండు మూడు.

ఆ మాటలు ఎక్కడివి? కొన్ని సొంతం. చాలావాటికి మూలం ఆయన చదువు. హెన్రీ జేమ్స్, జాన్ రస్కిన్, విలియం బ్లేక్, మార్సెల్ ప్రూస్ట్ లాంటి పేరున్న రచయితలు, బైబిలు, వాటి పక్కనే మిక్కీ స్పిలేన్ రాసిన చవక డిటెక్టివ్ నవలలు. వాక్యాన్ని ఉన్నదున్నట్టు తెచ్చి పెట్టడం తక్కువ. ఒక ముక్క కోస్తాడు, మరో ముక్కకు అతుకుతాడు, సొంత మాట కలుపుతాడు. అతుకు ఎక్కడుందో కనబడదు. దొంగతనం కదా అనే వాళ్లున్నారు. నేను ఒప్పుకోను. మన పద్యాలు, కీర్తనలు నేర్చుకున్న మనిషి మాట్లాడితే నోట్లోంచి పోతన పాదం, వేమన పాదం దొర్లుతాయి. ఎవరూ పుట చెప్పి మాట్లాడరు. చదివింది ఒంటికి పట్టిందని దానికి గుర్తు. పెటిబాన్‌కు చదవడం, గీయడం వేర్వేరు పనులు కావు. గంబీ అనే మట్టిబొమ్మ కార్టూన్ కుర్రాణ్ని ఆయన ఎన్నో బొమ్మల్లో గీశాడు. ఆ పిల్లవాడి ప్రత్యేకత ఏమిటంటే పుస్తకం కనిపిస్తే అట్టలోంచి లోపలికి నడిచి వెళ్లగలడు, ఆ కథలో మనిషి అయిపోగలడు. ఆయన వాణ్నే ఎందుకు ఎంచుకున్నాడో వేరే చెప్పక్కర్లేదు. వవూమ్ అని ఇంకొకడున్నాడు, ఫీలిక్స్ పిల్లి కార్టూన్లలోని బుడతడు. తన పేరు తప్ప ఇంకో మాట రాదు, ఆ ఒక్క మాట అరిస్తే కొండలు కదులుతాయి. పెద్ద పెద్ద కొండల ముందు ఆ చిన్నవాణ్ని నిలబెట్టిన పేజీలు నాకు పంక్ కరపత్రాల కంటే ఎక్కువ నచ్చాయి.

అన్నిటికంటే నచ్చినవి అలలు. పెటిబాన్ పెరిగిన ఊళ్లో అలల మీద పలక వేసుకుని జారే ఆట పిల్లలకు పుట్టుకతో వస్తుంది. 1980ల నుంచి ఆయన ఆ అలల్ని గీస్తూనే ఉన్నాడు. ఒక పేజీ గురించి వివరంగా చెబుతాను. కాగితం నిండా ఒకే అల. ఎడమ నుంచి లేచి కుడి మీదికి వంగుతోంది. నీలం ఒక్కటి కాదు. లోపల వంపులో నలుపుకు దగ్గరైన నీలం, నడుం దగ్గర రాళ్లుప్పు తడిసినట్టు తెల్లగా విరిగే నీలం, పైన అంచులో ఏ రంగూ వేయని ఉత్త కాగితం. నురుగును ఆయన గీయలేదు, చుట్టూ నీలం పూసి వదిలేసిన తెలుపే నురుగైంది. కుంచె మొదలైనచోట నిండు, పైకి పోయేకొద్దీ ఎండి వెంట్రుకలు విడిపోయిన గీతలు. ఆ ఎండిన గీతలే నీటి వేగం. అంత నీటిలో, కుడివైపు కింద, మోకాళ్లు వంచి నిలబడిన మనిషి వేలిగోరు అంత ఉన్నాడు. కళ్లు లేవు, మొహం లేదు, నాలుగు కుంచె దెబ్బలు. కానీ బరువు ఏ కాలి మీద ఉందో తెలుస్తోంది. పైన వంపులో, అల నీడలో రెండు మూడు వరుసల రాత. ఆ వరుసలు కూడా అల వంపుకు తగ్గట్టు వాలాయి.

ఆ పేజీని నేను కుంచె పట్టుకుని గాలిలో గీసి చూశాను. భుజం నుంచి రావలసిన గీత అది, మణికట్టుతో రాదు. గోడ మీద నిచ్చెన ఎక్కి ఆరడుగుల అక్షరం లాగినవాడికి భుజంతో గీయడం తెలుస్తుంది. ఈ బొమ్మల్లో కొన్ని మనిషి నిలువును మించినవి. పుస్తకంలో అరచెయ్యంత అయి కూర్చున్నాయి.

ఇక్కడే మొదటి లోటు. ఇన్ని వందల బొమ్మల్ని ఒక అట్టల మధ్య ఇరికించాలంటే కుదించక తప్పదు. చిన్న కాగితాల మీద వేసిన తొలి బొమ్మలకు దానివల్ల నష్టం లేదు, అవి దాదాపు సొంత కొలతల్లో ఉన్నట్టే అనిపిస్తాయి. పెద్ద బొమ్మలు మాత్రం గొంతు తగ్గించి మాట్లాడుతున్నాయి. కొన్ని పేజీల్లో మూలల్లోని సన్నరాత చదవడానికి నాకు భూతద్దం కావలసి వచ్చింది. రాత చదవలేకపోతే పెటిబాన్ బొమ్మ సగమే చూసినట్టు. నాలుగు వందల బొమ్మలు తగ్గించి, మిగిలినవి పెద్దవి చేసి ఉంటే పుస్తకం ఇంకా గొప్పగా ఉండేది. సంపాదకులకు ఏదీ వదలబుద్ధి కాలేదేమో అనిపిస్తుంది. చూసేవాడి కన్ను కూడా ఆలోచించవలసింది.

రెండో మాట లోటు కాదు, హెచ్చరిక. ఇందులో నెత్తురు ఉంది, నగ్నత్వం ఉంది, తుపాకులు ఉన్నాయి. చార్లెస్ మాన్సన్ లాంటి హంతకులు మళ్లీ మళ్లీ వస్తారు. ఏసుక్రీస్తు మీద కొందరికి మింగుడుపడని బొమ్మలున్నాయి. తొలి కరపత్రాల్లో ఆడవాళ్లను చూపిన తీరు కొన్నిచోట్ల నాకు నచ్చలేదు. చౌకబారు నవలల అట్టలను వేలెత్తి చూపడానికే అలా వేశాడని సమర్థించవచ్చు, అయినా ఆ పేజీల దగ్గర నేను ఆగలేదు. ఇంట్లో పిల్లలుంటే అందేచోట పెట్టకండి. రీగన్ నుంచి బుష్ దాకా అధ్యక్షుల మీద, ఇరాక్ యుద్ధం మీద వేసిన బొమ్మలు మరో రకం. అందులో మాటలు దాచుకోడు, కోపం నేరుగా ఉంటుంది. వాటిలో కొన్ని ఆ రోజు పత్రికతో పాటు పాతబడ్డాయి. చిత్రహింసల శిబిరాల బొమ్మలు మాత్రం పాతబడలేదు, పాతబడే రోజు రావాలని కోరుకుంటాను.

చిన్ననాటి బొమ్మల గురించి చెప్పి తీరాలి. పెటిబాన్ పసివాడుగా ఉన్నప్పుడు గీసిన గీతలు, యుద్ధాల బొమ్మలు, వీరుల బొమ్మలు ఇందులో ఉన్నాయి. పెద్దవాడయ్యాక ఆ కాగితాలే తీసి, వాటి మీద మాటలు రాశాడు. పిల్లవాడి వంకర గీత, దాని పక్కన యాభై ఏళ్ల మనిషి రాత. రెండింటి మధ్య ఒక జీవితం గడిచిపోయింది, కాగితం మాత్రం అదే. ఒక చిత్రకారుడి జీవితమంతా ఒక పుస్తకంలో పెట్టాలంటే ఇలా పెట్టాలి. ఏ ఏడు ఏ బొమ్మ అని వరుసగా పేర్చితే చరిత్ర తెలుస్తుంది. ఒకే కాగితం మీద రెండు వయసులు కలిస్తే మనిషి తెలుస్తాడు.

అచ్చు విషయానికి వస్తే నలుపు బాగా కుదిరింది. బొమ్మల పుస్తకాల్లో నలుపు బూడిదగా మారడం నేను చాలాసార్లు చూశాను, ఇందులో ఇంకు ఇంకులాగే ఉంది. కాగితం పసుపుదనం, మడతలు, పిన్నుల గుర్తులు దాచకుండా వదిలారు, దానికి ప్రత్యేకంగా మెచ్చుకోవాలి. ఈయన బొమ్మలకు ఆ చిల్లులు కూడా కథే. ప్రదర్శనల్లో ఆయన చాలా కాగితాల్ని చట్రాలు లేకుండా నేరుగా గోడకు పిన్నులతో గుచ్చుతాడు. మిగిలిన గోడ మీద కుంచెతో తనే బొమ్మ వేస్తాడు, రాత రాస్తాడు, ప్రదర్శన అయిపోయాక సున్నం కొట్టేస్తే పోతుంది. మ్యూజియం లోపల గోడ రాత! నాలాంటి వాడికి అంతకంటే ఊరట ఏముంటుంది. మా రాతల మీద కూడా ఏటా సున్నం పడుతూనే ఉంటుంది. నాకు వచ్చిన కాపీ అట్ట మూల నలిగింది, అది తెచ్చినవాళ్ల పొరపాటు, పుస్తకానిది కాదు. ఇంత బరువున్న పుస్తకాన్ని తెప్పించుకునేటప్పుడు మూలలకు అట్టముక్కలు పెట్టమని గట్టిగా చెప్పండి.

ఇంగ్లీషు బాగా రాకపోతే కొనవచ్చా అని మా వీధిలో ఇంటర్ చదివే అమ్మాయి అడిగింది, బొమ్మలు బాగా వేస్తుంది. కొనవద్దమ్మా, ముందు చూడు అన్నాను. ఆ రాతల్లో కొన్ని ఇంగ్లీషు సాహిత్యం చదివినవాళ్లకు కూడా ఒక పట్టాన అందవు, అందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. బొమ్మను ముందు చూడాలి, తర్వాత రాతను ఆకారంగా చూడాలి, ఆ తర్వాత చదవాలి. ఈ వరుసలో చూస్తే భాష తక్కువైనా చేతికి వచ్చేది చాలా ఉంది. శ్రీవేంకటేశ్వర శిల్ప కళాశాలలో కలంకారీ నేర్చుకుంటున్న పిల్లలు మరీ ముఖ్యంగా చూడాలి. కలం అంటే ఏమిటో వాళ్లకు ఇప్పటికే తెలుసు. అదే నల్లగీత వేరే దేశంలో, వేరే కోపంతో ఏం చేసిందో తెలుసుకుంటే, పట్టీలో పేరు రాసే చోట తమ మాట కూడా ఒకటి రాయాలన్న ధైర్యం వస్తుంది. మన ఊరి గ్రంథాలయాలు పోటీ పరీక్షల పుస్తకాల మధ్య ఇలాంటిది ఒక్కటి కొంటే ఎంతమందికో పనికొస్తుంది. అడుగుతూనే ఉన్నాను, ఇంకా అడుగుతాను.

అంతవరకూ నా కాపీ తిరుపతి కొర్లగుంటలో నా పనిగదిలో బల్ల మీద ఉంటుంది. బొమ్మలు వేసే పిల్లలు ఎవరైనా సాయంత్రం పూట వచ్చి చూసుకోవచ్చు. ఇంటికి ఇవ్వను. రంగు చేతులు కడుక్కుని రండి, వెంట ఒక కాగితం, పెన్సిలు తెచ్చుకోండి. భూతద్దం నా దగ్గర ఉంది.